సుందరక్క చేతి బిళ్ళ

"డబ్బా మళ్ళీ నిండింది," అంది సలోమి.

స్టవ్వు ముందు నిలబడ్డ సుందరి తల తిప్పలేదు. అన్నం ఉడుకుతున్న చప్పుడు తప్ప ఇంట్లో ఇంకే చప్పుడూ లేదు. బయట మంచు ఎంత దట్టంగా పట్టిందంటే, వాకిట్లో ఆపిన ఆటో ఉన్నట్టూ లేనట్టూ కనిపిస్తోంది.

"అమ్మా, నిన్నే. బిళ్ళల డబ్బా మళ్ళీ నిండింది."

"నిండితే నేను మింగుతున్నానా? నీ కళ్ళ ముందేగా మానేసింది."

"నువ్వు మానేశావు. మరి ఈ నాలుగు షీట్లు ఎవరికి?"

సుందరి గరిటె తీసుకుని అన్నం కలిపింది. ఉడికే అన్నాన్ని ఎవరూ కలపరు. కూతురికి మొహం చూపించకుండా ఉండటానికి చేతికేదో పని కావాలి, అంతే.

"మునుంలో వాళ్ళకి, నా ఎంట వరస కట్టి కోతకొచ్చేవాళ్ళకి," అంది చివరికి.

సలోమి ఆ రేకు డబ్బాని బల్ల మీద పెట్టి, మూత వేసి, ఇంకేమీ అనకుండా నిలబడింది. ఈ పిల్ల అరిచినా బాగుండేది. అరిస్తే తనూ అరవొచ్చు. ఊరుకుంటే ఏం చెయ్యాలో సుందరికి తెలియదు.

పదకొండు రోజుల నుంచి ఇంట్లో ఇదే వరస. నరసరావుపేటలో ఒక ల్యాబులో పనిచేసే సలోమి, ఆదివారం పూట ఊరికే చూద్దామని తల్లి చెయ్యి పట్టుకుని రక్తం తీసింది. మర్నాడు కాగితం మీద క్రియాటినిన్ దగ్గర, ఒకటికి అటూ ఇటూ ఉండాల్సింది, ఒకటి పాయింట్ ఎనిమిది అని వచ్చింది. తన చేత్తో తనే రెండోసారి పరీక్ష చేసింది. అదే వచ్చింది. సాయంత్రానికి తల్లిని పేట డాక్టరు ముందు కూర్చోబెట్టింది.

ఆ డాక్టరు ఏ జబ్బుందని అడగలేదు. పొద్దున లేచినప్పటి నుంచి ఏం చేస్తావో చెప్పమన్నాడు. సుందరి కాస్త గర్వంగానే చెప్పింది. పదమూడు మంది ఆడవాళ్ళని వెంటేసుకుని మిరపకోతకి పోతానని, తన మునుం కొలబద్ద పెట్టి గీసినట్టుంటదని. పొద్దున ఒక గ్లాసు నీళ్ళు, మజ్జానం ఒక గ్లాసు.

"మధ్యలో?"

"మధ్యలో ఎట్టా తాగుతాం సార్, మునుంలో ఉంటాంగా. తాగితే పక్కకి పోవాల. రేగడి చేలల్లో చెట్టా, చాటా?"

"మరి సాయంత్రం?"

"ఆటో ఎక్కేముందు ఒక నొప్పి బిళ్ళ. లేకపోతే నడుం పట్టేస్తది."

"ఎన్నేళ్ళ నుంచి?"

సుందరి కూతురి వైపు చూసి, "ఇది పదో తరగతి చదివేటప్పటి నుంచి," అంది. డాక్టరు పెన్ను కింద పెట్టాడు. గోడ మీద బొమ్మలో చిక్కుడు గింజల్లాంటి రెంటిని చూపించి, ఇవి నొప్పి చెప్పవమ్మా, చెప్పకుండానే పోతాయి అన్నాడు. నీళ్ళు లేక ఎండిపోయిన ఒంట్లోకి రోజూ ఆ బిళ్ళ పోతే సగం పని మానేశాయన్నాడు. మిగిలిన సగం నిలబెట్టుకోవచ్చు. "నేను రాసే మందులు రెండే. మిగతాదంతా నీ చేతిలో ఉంది. లేచిన దగ్గర నుంచి పడుకునే దాకా నీ రోజు మారాలి."

అలా రోజు మారింది. సుందరి నీళ్ళ సీసా మీద సలోమి గోళ్ళరంగుతో గీతలు పెట్టింది. పదింటికి ఇక్కడికి, పన్నెండింటికి ఇక్కడికి, మూడింటికి అడుక్కి. ఉప్పు డబ్బాలో పెద్ద చెంచా మాయమై చిన్న చెంచా వచ్చింది. ఊరుమిరపకాయల జాడీ అటక ఎక్కింది. వారానికోసారి బీపీ మిషను తల్లిదండ్రులిద్దరి చేతికీ చుట్టుకుంటోంది. తల తిరిగినప్పుడే బీపీ బిళ్ళ వేసుకోవడం తండ్రి జ్ఞానయ్యకి అలవాటు. తిరగనప్పుడు దేనికే అంటాడు. ఆ అలవాటు కూడా కూతురి చేతిలో పోయింది. ఉప్పు తగ్గితే మనిషికి కోపం పెరుగుతుందేమో పెద్ద చదువులు చదివినవాళ్ళు చెప్పాలి. జ్ఞానయ్య విషయంలో మాత్రం అది నిజం.

ఆయన ఇప్పుడు గడప మీద కూర్చుని ఆటో అద్దం తుడిచే గుడ్డని పిండుతున్నాడు.

"పొద్దున్నే ఏందే మీ పంచాయితీ? పప్పులో ఉప్పు లేకపోయె, ఇంట్లో శాంతి లేకపోయె."

"నాన్నా, నువ్వాగు. అమ్మా, బీబీ పిన్ని కాళ్ళు చూశావా?"

సుందరి స్టవ్వు మంట తగ్గించింది.

"చూశావు. నాకు తెలుసు. పక్కనే కూర్చుంటావుగా."

"పొద్దస్తమానం నిలబడే కాళ్ళు. వాయవా?"

"నిన్న సాయంత్రం వాళ్ళింటికి పోయి రక్తం తీశా. షుగరేమో చూద్దాం పిన్నీ అని చెప్పా. ఇవ్వాళ మధ్యాహ్నానికి రిపోర్టు వస్తది. నీకే ఫోన్ చేస్తా. పిన్నికి నువ్వే చెప్పాలి."

"నేనెందుకు? చదువుకున్నదానివి నువ్వు."

"బిళ్ళ ఇచ్చింది నువ్వు గాబట్టి."

జ్ఞానయ్య గుడ్డ పిండటం ఆపాడు. "ఏందే ఆ మాట? మీ అమ్మేమన్నా విషం పెట్టిందా? అందరి మంచికేగా ఇచ్చింది. తనూ మింగిందిగా."

సుందరికి ఆ మాట ఎంత హాయిగా తగిలిందంటే, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నేను కాదన్నానా నాన్నా. ఇప్పుడు తెలుసుగా అంటున్నా." సలోమి గొంతు తగ్గించింది. "ఎందుకమ్మా, ఇంకా ఎందుకిస్తున్నావు?"

"కోత ఇంకో వారమే ఉంది. బిళ్ళ లేకపోతే రేపు సగం మంది లేవరు. లేచినవాళ్ళు ఎందుకు మానేశావక్కా అని అడుగుతారు. ఏం చెప్పను? పదేళ్ళుగా మీకు ఇస్తున్నది ఇదీ అని చెప్పనా?"



సలోమి డబ్బా తీసుకొచ్చి తల్లి అన్నం సంచిలో పెట్టింది. లాక్కుంటుందనుకున్న సుందరి తెల్లబోయింది.

"దాచిపెట్టినా ఇంకోటి కొంటావు. తీసుకుపో. ఇచ్చేదేదో తెలిసి ఇయ్యి."

*

మంచులో ఆటో మెల్లగా పోతోంది. గురజాల రోడ్డు మీద ఎదురొచ్చే బండి లైటు మొదట పాలచుక్కలా కనిపించి, దగ్గరకొచ్చాక లారీ అవుతోంది. ఆటో వెనక సుందరితో కలిపి పద్నాలుగు మంది ఆడవాళ్ళు ఒకరి ఒళ్ళో ఒకరు సర్దుకుని, తలలకి తువ్వాళ్ళు చుట్టుకుని సగం నిద్రలో ఉన్నారు. ఈ అరగంట ఎవరి కల వాళ్ళది.

సాగర్ కాలవ వంతెన మీదికి ఎక్కినప్పుడు నీళ్ళు కనపడలేదు, చప్పుడు మాత్రం వినిపించింది. సుందరి కళ్ళు మూసుకుంది. సీసాకి గీతలు పడ్డ దగ్గర నుంచి ఆమెకు రోజూ నీళ్ళ కలలే. మిరప సాళ్ళ మధ్య నుంచి కాలవ పారుతున్నట్టు, మునుం మునుమంతా మోకాటి లోతు నీళ్ళలో నడుస్తున్నట్టు, ఎవరి చీరా తడవనట్టు. కలలో అందరూ నవ్వుతూ ఉంటారు. తను మాత్రం ఎవరో ఒకరు తక్కువైనట్టు లెక్కపెడుతూ ఉంటుంది. లెక్క తేలకముందే మెలకువ వస్తుంది.

"అక్కా, సలోమి సూది గుచ్చితే నొప్పే తెలియలా," అంది పక్కన కూర్చున్న బీబీ. "బంగారు చెయ్యి. నీ చెయ్యే వచ్చింది దానికి."

సుందరి కళ్ళు తెరవలేదు. "పడుకో కాసేపు."

"షుగరుంటదంటావా?"

"ఏమో. చూద్దాం."

"ఉంటే ఉండనీయ్. ఊళ్ళో సగం మందికుంది. టీలో పంచదార మానేస్తా, అంతేగా. ఈ కాళ్ళు తగ్గితే చాలు. చెప్పులో పాదం పట్టట్లా." బీబీ చీర కొంచెం ఎత్తి చూపించింది. చెప్పు పట్టీ పడ్డ చోట వాతలా గుంట ఉంది.

సుందరి వంగి, బొటనవేలితో ఆ చీలమండ మీద నొక్కింది. తీసేసిన తర్వాత కూడా వేలి గుర్తు అలాగే ఉండిపోయింది. మెల్లగా, చాలా మెల్లగా అది పూడుకుంటుంటే చూస్తూ కూర్చుంది.

"నీ చెయ్యి పడితేనే తగ్గినట్టుంటదక్కా," అని బీబీ ఆమె భుజం మీద తల వాల్చి నిద్రపోయింది.

పదేళ్ళ కిందట బీబీ మునుంలోకి కొత్తగా వచ్చినప్పుడు ఇలాగే నిద్రపోయింది. అప్పటిదాకా ఇంట్లో మిషను కుట్టుకునే మనిషి. మొగుడు పోయాక చేలో దిగింది. నాలుగో రోజు సాయంత్రం నడుం ఎత్తలేక గట్టు మీద కూలబడి ఏడ్చింది. సుందరి తన కొంగు ముడి విప్పి, తన కోసం దాచుకున్న బిళ్ళని కొరికి సగం తను మింగి, సగం బీబీకి పెట్టింది. మర్నాడు బీబీ అందరికంటే ముందొచ్చి ఆటోలో కూర్చుంది. అది చూసి ఇంకొకామె అడిగింది. తర్వాత ఇంకొకామె. ఇక అది ఆచారమైపోయింది. సాయంత్రం ఆటో ఎక్కే ముందు వరసగా నిలబడి, చర్చిలో రొట్టె ముక్క అందుకునేటప్పటిలాగా కుడిచెయ్యి కింద ఎడమచెయ్యి పెట్టి చాచేవాళ్ళు. అదే బిళ్ళ షాపులో కొనుక్కుంటే పనిచెయ్యదట. సుందరక్క చేతి బిళ్ళయితేనే పనిచేస్తుందట. ఆ మాట ఊరూవాడా పాకినప్పుడు సుందరి ఎంత మురిసిపోయిందో ఆమెకే తెలుసు. రాణిగారి మెడలో హారానికి కూడా అంత వెలుగుండదు.

బీబీకి మోకాలు అరిగిన దగ్గర నుంచి రోజుకి రెండు. మజ్జానం ఒకటి, సాయంత్రం ఒకటి.

*

మునుం పట్టారు. మంచులో సాలు చివర కనిపించదు, కాబట్టి ఎంత దూరం పోవాలో తెలియదు. ఒకందుకు అదే మంచిది. చేతులు వాటంతటవి కాయ తెంపి ఒళ్ళో వేసుకుంటున్నాయి. ఎవరో సన్నగా ఏదో పాట మొదలుపెట్టారు, ఇంకెవరో అందుకున్నారు, మాటలు మంచులోనే ఉండిపోయి రాగం ఒక్కటే సుందరి దాకా వస్తోంది.

నీళ్ళ క్యాను దూరంగా గట్టు మీద ఉంది. అది సుందరి పెట్టిన పద్ధతే. చేతికందే చోట ఉంటే మాటిమాటికీ తాగుతారు, తాగితే చాటు వెతుక్కుంటారు, చాటు లేక అల్లాడతారు. "గొంతు తడపాల గానీ కడుపు నింపగూడదు" అని కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకీ మొదటిరోజే చెప్పేది. పెళ్ళయి వచ్చిన కోడలికి అత్త ఇంటి పద్ధతి నేర్పినట్టు నేర్పేది. నేర్చుకున్నవాళ్ళు ఇంకొకరికి నేర్పారు.

పదింటి గీత దాకా తాగి, సుందరి మునుం వదిలి జొన్నచేను వైపు నడిచింది. రెండు చేలు దాటితే గాని చాటు లేదు. వెనక నుంచి ఎవరో నవ్వారు. పదకొండు రోజులుగా నవ్వుతూనే ఉన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు మంచు పలచబడింది. దూరం నుంచి తన మునుం కనిపించింది. పదమూడు మంది ఒకే వరసలో వంగి, నీళ్ళలో నడుస్తున్నట్టు మెల్లగా ముందుకు కదులుతున్నారు. కాళ్ళ దగ్గర ఇంకా మంచు ఉంది. సుందరి అక్కడే ఆగిపోయింది. ఇది కలా, నిజమా అని ఒక క్షణం అనుమానం వచ్చింది. అలవాటు కొద్దీ లెక్కపెట్టింది. బీబీ దగ్గరికి వచ్చేసరికి లెక్క తప్పింది. వీళ్ళంటే ఆమెకి ప్రాణం. కన్నకూతురికి చెప్పుకోని సంగతులు వీళ్ళకి చెప్పుకుంది. ఈ ఒక్క సంగతే చెప్పలేకపోతోంది.

గట్టు మీద క్యాను ఎత్తుకుని తీసుకొచ్చి మునుం మధ్యలో దించింది.

"తాగండి," అంది.

అందరూ నడుములెత్తి ఆమె వైపు చూశారు.

"ఏందక్కా, ఇప్పుడా? సాలు సగంలో ఉంటే?"

"సాలు యాడికీ పోదు. తాగండి."

"తాగితే మళ్ళీ..."

"పోదాం. అందరం పోదాం." సుందరి తన సంచిలో నుంచి కాయలు మూటగట్టే పాత చీర తీసింది. "ఇద్దరు అటూ ఇటూ పట్టుకుంటే చాటు ఇక్కడే ఉంటదిగా. ఇన్నేళ్ళూ ఈ బుద్ధి యాడికి పోయిందో నాకు."

అందరికంటే ముందు బీబీ వచ్చి గ్లాసు వంచుకుని గడగడా తాగేసింది. "అక్క చెప్పింది గదా, తాగండే," అంది. ఇక ఒక్కొక్కరే వచ్చారు. తర్వాత ఆ చేలో జరిగిన సంబరం చూసి తీరాలి. ఇద్దరు చీర పట్టుకుని మొహాలు అటు తిప్పుకోవడం, లోపలున్నామె తొందర తొందర అనడం, గాలికి చీర ఎగిరి అందరూ విరగబడి నవ్వడం. యాభై ఏళ్ళ ఆడవాళ్ళు బడి పిల్లలైపోయారు.

చేను రైతు నరసింహారావు రోడ్డు మీద మోటారు సైకిలాపి, అక్కడి నుంచే కేకేశాడు. "ఏంది సుందరీ, తిరునాళ్ళా?"

"నీళ్ళు తాగుతున్నారయ్యా. పని సాయంత్రానికి అప్పజెపుతాంలే."

ఆయన ఏమనుకున్నాడో, బండి తీసుకుని పోయాడు. సుందరికి ఒళ్ళంతా తేలికైంది. ఏదో చేశాననిపించింది. చెప్పాల్సింది చెప్పకుండా, చెయ్యాల్సిన దాంట్లో తేలికైన ముక్క చేసేస్తే మనసు ఎంత తొందరగా సంతృప్తి పడుతుందో చూడండి. మనందరి మనసులూ అంతే, సుందరిని ఒక్కదాన్నే అని లాభం లేదు.

*

మజ్జానం ఎండ తెల్లగా కాసింది. కాయల గోతాలు రెండు వరసలుగా పేర్చి, వాటి నీడలో అందరూ అన్నం గిన్నెలు విప్పారు. బీబీ తన గోంగూర పచ్చడి వేలితో తీసి సుందరి మూతలో పెట్టబోయింది. సుందరి మూత వెనక్కి లాక్కుంది.

"ఏందక్కా, పది రోజుల నుంచి నా పచ్చడి ముట్టట్లా. అలిగావా నా మీద?"

"అలగడమేంది. నోరు బాగాలా."

"నోరు బాగాలేనప్పుడేగా పచ్చడి తినేది." బీబీ నవ్వింది గానీ, ఆ నవ్వు మొహం అంతటా పాకలేదు. "నేనేమన్నా తప్పు చేసుంటే చెప్పక్కా. నువ్వట్టా దూరంగా ఉంటే నాకు అన్నం సయించదు."

సుందరి చప్పటి పప్పన్నం ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. నువ్వు చేసిన తప్పేమీ లేదు బీబీ, అనుకుంది. నేనే నీళ్ళు నములుతున్నాను.

అందరూ తినేసి, ఎక్కడివాళ్ళక్కడ ఒరిగారు. గోతాల ఘాటు గాలిలో సన్నగా తేలుతోంది. ఎవరో తుమ్మారు. ఎండకి కళ్ళు మూతలు పడుతుంటే, సుందరికి మళ్ళీ కాలవ చప్పుడు వినిపించింది. ఇంకాస్త సేపు ఇలాగే ఉంటే బాగుండు. ఫోను రాకుండా, సాయంత్రం కాకుండా, ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పకుండా.

"అక్కా," బీబీ మోకాలు రుద్దుకుంటూ దగ్గరికి జరిగింది. "ఒకటియ్యి. లాగేస్తంది."

చెయ్యి చాచింది. కుడిచెయ్యి కింద ఎడమచెయ్యి.

సుందరి సంచిలో చెయ్యి పెట్టింది. రేకు డబ్బా చల్లగా తగిలింది. రోజూ తీసే డబ్బానే. తీసి, మూత తిప్పి, ఒక బిళ్ళ ఆ అరచేతిలో పెట్టడం ఎంతలో పని. ఈ ఒక్కటీ ఇచ్చేసి, రేపటి నుంచి ఏదో ఒక సాకు చెప్పొచ్చు. ఈ మాట నిన్న కూడా అనుకుంది. మొన్న కూడా.

ఫోను మోగింది.

"అమ్మా, వచ్చింది." సలోమి గొంతు పక్క గదిలో నుంచి మాట్లాడినంత దగ్గరగా ఉంది. "మూడు పాయింట్ ఒకటి. నీ దానికంటే చానా ఎక్కువ. రెండుసార్లు చూశా. డాక్టరుగారికి చూపించా. ఇప్పుడు పట్టుకుంటే డయాలసిస్ మిషను మీదికి పోకుండా ఆపొచ్చు, ఆలస్యం చెయ్యొద్దు అన్నారు. రేపు పొద్దున్నే తీసుకురా. నీళ్ళు ఎన్ని తాగాలో, ఏం తినాలో ఆయనే చెప్తారు. ఆ బిళ్ళ మాత్రం ఇప్పుడు, ఈ క్షణం నుంచి ముట్టగూడదు. అమ్మా, వింటున్నావా?"

"ఆఁ."

"పిన్ని పక్కనుందా?"

"ఉంది."

"చెప్తావా? నన్ను చెప్పమంటావా?"

బీబీ చెయ్యి ఇంకా అలాగే ఉంది. వేళ్ళు కొనల దాకా కాయ రంగు పట్టి ఉన్నాయి.

"నేనే చెప్తా," అని సుందరి ఫోను పెట్టేసింది.

"సలోమేనా? షుగరంటనా?"

"షుగరు కాదు."

"అల్లా దయ. హమ్మయ్య."

"కిడ్నీలు," అంది సుందరి. "రక్తంలో తెలిసింది. రేపు పొద్దున్నే పేట పోదాం, డాక్టరు దగ్గరికి. ఆలస్యం చేయకపోతే ఆపొచ్చంట. నేను వస్తా నీ ఎంట. రోజూ వస్తా. ఆ బిళ్ళ ఇంక వద్దు బీబీ. ఆ బిళ్ళే చేసింది ఇదంతా. నాకంటే ఎక్కువుంది నీకు."

చివరి మాట అనాలని అనలేదు. వచ్చేసింది.

బీబీ చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. గోతాల నీడలో ఒరిగినవాళ్ళు ఒక్కొక్కరే లేచి కూర్చున్నారు.

"నీకంటేనా," అంది బీబీ. "నీక్కూడా ఉందా అక్కా?"

"ఉంది."

"అయ్యో." బీబీ ముందుకు జరిగి ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. కళ్ళలో జాలి, భయం రెండూ కలిసి ఉన్నాయి. ఆ జాలి తన కోసమని తెలిసి సుందరికి ఆ క్షణం బతకాలనిపించలేదు. "అందుకేనా పచ్చడి ముట్టట్లా. అందుకేనా నీళ్ళ సీసా. మాకు చెప్పలేదేందక్కా. ఎప్పుడు తెలిసింది నీకు?"

నిన్న అని చెప్పొచ్చు. నాలుక కొస మీద సిద్ధంగా ఉంది ఆ మాట. నిన్న అంటే ఎవరూ ఏమీ అనరు. బీబీ చెయ్యి మోకాలి మీద అలాగే ఉంటుంది. సలోమి కూడా తల్లిని బయటపెట్టదు.

సుందరి బీబీ కళ్ళలోకి చూసింది. ఆ కళ్ళకి అబద్ధం చెప్పలేకపోయింది.

"పదకొండు రోజులైంది."

బీబీ పెదవులు కొంచెం కదిలాయి. ఏదో లెక్కపెట్టుకుంటోందని అందరికీ తెలుస్తూనే ఉంది. మోకాలి మీద చెయ్యి ఎప్పుడు తీసేసిందో సుందరికి తెలియలేదు.

"నిన్న సాయంత్రం," అంది బీబీ, చాలా నెమ్మదిగా, జ్ఞాపకం తెచ్చుకుంటున్నట్టు. "నేను మర్చిపోయి ఆటో ఎక్కేశా. నువ్వే వెనక్కి పిలిచి ఇచ్చావు."

సుందరి డబ్బా ఉన్న సంచిని వెనక్కి నెట్టింది.

"మానెయ్యమంటే మానేసేదాన్నిగా అక్కా. నీ మాట నేను ఏనాడు కాదన్నాను?"

బీబీ లేచింది. అన్నం గిన్నె మూత పెట్టి సంచిలో సర్దుకుంది. చెప్పులు తొడుక్కోబోతే పాదం పట్టలేదు. వాటిని చేత్తో పట్టుకుని గట్టు మీదికెక్కి, ఆ వాచిన కాళ్ళతో రోడ్డు వైపు నడవడం మొదలుపెట్టింది. "బీబీ," అని సుందరి పిలిచింది. రెండోసారి కూడా పిలిచింది. ఆమె వెనక్కి తిరగలేదు.

మునుంలో ఒక్కరూ సుందరి వైపు చూడటం లేదు. ఊరికి నాలుగు మైళ్ళు. జ్ఞానయ్య ఆటో ఐదింటికి గాని రాదు.